అణుబాంబు ముందు కట్టిన మేకలు

1946వ సంవత్సరము వేసవిలో పసిఫిక్ మహాసముద్రముపై పడమటి దిక్కుగా ఒక వింత ఓడ సాగిపోయినది. దాని పేరు బర్ల్‌సన్. యుద్ధకాలమున సైనికులను తీరములకు చేర్చిన అమెరికను నౌక అది. ఇప్పుడు సైనికులు పరుండిన తావులలో దొడ్లును, పంజరములును, గడ్డిమోపులును, దాణా బస్తాలును అమర్చబడినవి. మేకలు, పందులు, గినీ పందులు, తెల్ల ఎలుకలు వేల సంఖ్యలో దానిలో ప్రయాణము చేసినవి. జనులు దానిని పరిహాసముగా నోవా ఓడ యనిరి. బైబిలు గాథలో నోవా జీవకోటిని జలప్రళయమునుండి తప్పించుటకై ఓడ నెక్కించెను. ఈ ఓడ తన జీవములను ప్రళయమునకు ఎదురుగా గొనిపోవుచుండెను.

ఓడ చేరవలసిన చోటు మార్షల్ దీవులలోని బికినీ. పగడపు దిబ్బలు వలయాకారముగా పెరిగి, నడుమ సముద్రమును ఒక మడుగువలె చుట్టుకొని యున్న చిన్న ప్రదేశమది. అక్కడ 167 మంది జనులు చేపలు పట్టుకొనుచు, కొబ్బరికాయలు దింపుకొనుచు బ్రదుకుచుండిరి. ఆ సంవత్సరము ఫిబ్రవరి మాసమున అమెరికను నౌకాధికారి కొమడోర్ వయట్ వారి యొద్దకు వచ్చి, మానవజాతి మేలుకొఱకు దీవిని కొంతకాలము విడిచిపెట్టుదురా యని అడిగెను. వారి పెద్దయైన జూడా సమ్మతించెను. సమ్మతింపక మఱేమి చేయగలిగియుండునని మేము అడుగము. యుద్ధములో గెలిచిన సైన్యము ఎదుట నిలిచి అడిగినప్పుడు ప్రశ్నకును ఆజ్ఞకును గల భేదము మిక్కిలి సన్ననిది. మార్చి మాసమున వారిని రోంగెరిక్ అను దీవికి తరలించిరి. మనుష్యులు వెడలిన పిదప మేకలు వచ్చినవి.

ఈ జంతువులను ఏల తెచ్చిరో తెలియవలెనన్న ఒక యేడు వెనుకకు పోవలెను. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి పట్టణములపై బాంబులు పడిన తరువాత వైద్యులకు ఒక క్రొత్త వ్యాధి యెదురైనది. ఒంటిమీద గాయము లేనివారు, కాలిన మచ్చ లేనివారు సయితము కొన్ని దినములకు జుట్టు రాలి, చిగుళ్లనుండి నెత్తురు కారి, జ్వరముతో మరణించిరి. కారణము వికిరణమని గ్రహించిరి. కాని పేలుడు నాటికి ఏ రోగి యెంత దూరమున, ఏ గోడ చాటున నుండెనో, ఎంత మోతాదు సోకినదో కొలిచి చెప్పుట కష్టమయ్యెను. వైద్యులకు కావలసినది దూరము కొలిచి, స్థానము గుర్తించి నిలిపిన దేహము. మనుష్యుని అట్లు నిలుపరాదు గనుక మేకను నిలిపిరి.

‘ఆపరేషన్ క్రాస్‌రోడ్స్’ అను పేర జరిగిన ఈ పరీక్షలకు అధిపతి వైస్ అడ్మిరల్ బ్లాండీ. అణుబాంబు ముందు యుద్ధనౌకలు నిలుచునా నిలువవా యన్నది నౌకాదళమునకు ప్రధాన ప్రశ్న. జంతువుల సంగతి దాని వెనుక నడచినది. సుమారు 95 నౌకలను బికినీ మడుగులో లంగరు వేసి నిలిపిరి. వానిలో జపానునుండి పట్టుకొన్న నగాటో, సకావా యను నౌకలును, జర్మనీ క్రూజరు ప్రింజ్ యూజెన్‌యు ఉండెను.

జంతువులను ఎన్నుకొనుటలో చూపిన శ్రద్ధ చదువరికి ఆశ్చర్యము గొల్పును. పంది చర్మము మనుష్యుని చర్మమును పోలియుండును గనుక కాలిన గాయములను పరిశీలించుటకు పందిని కోరిరి. మేక బరువు మనుష్యుని బరువునకు దగ్గఱగా నుండుటచే మేకను కోరిరి. కొన్ని మేకల బొచ్చును మనుష్యుని తలవెండ్రుకల పొడవునకు కత్తిరించిరి. నావికులు వేడిమినుండి కాపాడుకొనుటకు పూసికొను లేపనమును జంతువుల చర్మముపై పూసి చూచిరి. వీని యన్నిటిలోను వింతయైనది మఱియొకటి కలదు. స్వభావముచేతనే బెదరు ఎక్కువగల మేకలను ఏఱి తెచ్చిరి. ప్రేలుడు మోత విని వాని మనస్సు చెదరునేమో చూడవలెనని వారి కోరిక. మేకకు మనస్సు కలదని యొప్పుకొని, దానిని బాంబు ముందు కట్టుటకు ఆ మనస్సునే కారణముగా చూపిన శాస్త్రము ఎట్టిదో మాకు నేటికిని బోధపడలేదు.

అమెరికాలో దీనిపై అలజడి పుట్టకపోలేదు. జంతువులను విడిచిపెట్టుడని అధికారులకు లేఖలు వచ్చినవి. వానికి బదులు తాము పోయి నిలిచెదమని వ్రాసినవారును కొందఱు కలరు. బికినీ ప్రజల విషయమై మాత్రము అంత అలజడి పుట్టినట్లు కానరాదు.

1946 జులై 1వ తేదీన మొదటి బాంబును విమానమునుండి విడిచిరి. దానికి ‘ఏబుల్’ అని సంకేతనామము. శక్తి 23 కిలోటన్నులు, అనగా 23 వేల టన్నుల టీ.ఎన్.టి. మందుగుండుకు సమానము. నీటికి 520 అడుగుల యెత్తున అది ప్రేలినది. ఆ వేళ 22 నౌకలలో, మామూలుగా నావికులు నిలుచు తావులలోనే, 176 మేకలు, 146 పందులు, 57 గినీ పందులు, 109 చుంచులు, 3,030 తెల్ల ఎలుకలు ఉండెను. గుఱిగా నిలిపిన యుద్ధనౌక నెవాడాకు కంటికి కొట్టవచ్చునట్లు ఎఱుపు కలిసిన నారింజ రంగు పూసిరి. అయినను బాంబు 2,000 అడుగులకు పైగా గుఱి తప్పినది. అయిదు నౌకలు మాత్రమే మునిగినవి. దూరమునుండి నల్లటి అద్దములలో చూచుచుండిన పత్రికా విలేఖరులు నిరాశ చెందిరి. మడుగులో నౌకలు తేలుచునే యున్నవి, మేకలలో అనేకము బ్రదికియే యున్నవి. అణుబాంబు మనము భయపడినంతటిది కాదేమో యన్న ధోరణి కొన్ని దినములు వ్యాపించినది.

ఆ తొందరపాటు తీర్పునకు సమాధానము నెవాడా నౌకపై నుండిన రెండు మేకలు చెప్పినవి. 53వ సంఖ్య గల మేకను పైతట్టుపై ఏ యాచ్ఛాదనయు లేక కట్టిరి. 119వ సంఖ్య గల మేకను ఫిరంగుల బురుజు లోపల, దట్టమైన ఉక్కు కవచము చాటున కట్టిరి. మొదటిది రెండు దినములకు చనిపోయినది. రెండవది నాలుగు దినములకు చనిపోయినది. యుద్ధనౌకకు ప్రాణమువంటి ఆ కవచము విలువ రెండు దినములని తేలినది. నౌక మునుగకపోయినను దానిలోని నావికులు ఎవరును మిగులరని దీని యర్థము. గుండ్లనుండి కాపాడు ఉక్కును ఈ అదృశ్య కిరణములు చొచ్చుకొని పోయినవి.

వికిరణము దేహములో చేయు పనిని ఇక్కడ కొంచెము వివరించుట యవసరము. దేహములో కొన్ని కణములు ఎడతెగక చీలి క్రొత్తవానిని పుట్టించుచుండును. ఎముకల మూలుగలో రక్తకణములు, ప్రేగుల లోపలి పొర, వెండ్రుకల కుదుళ్లు అట్టివి. వికిరణము ముందుగా కొట్టునది వీనినే. అప్పటికే నెత్తుటిలో తిరుగుచుండిన కణములు కొన్నాళ్లు పని చేయును గనుక జంతువు మొదట బాగుగనే కనబడును, మేత మేయును. పిమ్మట పాత కణములు నశించును, క్రొత్తవి పుట్టవు. తెల్ల కణములు తగ్గి రోగక్రిములు చెలరేగును, నెత్తురు గడ్డకట్టదు. పరీక్ష జరిగిన మఱునాడు మేకలు బ్రదికియున్నవని వ్రాసినవారికి ఈ వ్యవధి సంగతి తెలియదు. తుదకు లెక్క తేల్చగా జంతువులలో నూటికి 10 ప్రేలుడు తాకిడికి, 15 వికిరణమునకు చనిపోయినవి. మఱి 10 తరువాతి పరిశీలనలో చంపబడినవి.

చావనివానిలో ఒకదానికి మాత్రము గొప్ప కీర్తి దక్కినది. అది 311వ సంఖ్య గల ఆడుపంది. మునిగిన జపాను క్రూజరు సకావాలో నుండెననియు, ప్రేలుడు తరువాత మడుగులో ఈదుచు కనబడెననియు దాని గాథ. దానిని అమెరికాకు తెచ్చిరి. 1949లో వాషింగ్‌టన్ జాతీయ జంతుప్రదర్శనశాలకు చేర్చిరి. అది 600 పౌనుల వఱకు పెరిగినది, పిల్లలు పెట్టలేదు, 1950లో చనిపోయినది. దానిని చూచుటకు జనులు బారులు తీరిరి. అణుబాంబును జయించిన పంది యని పత్రికలు మెచ్చుకొన్నవి. బ్రదికిన ఒక్కదాని పేరు లోకమునకు తెలియుట, చచ్చినవి సంఖ్యలుగా మిగులుట యుద్ధచరిత్రలలో మనకు అలవాటైనదే. జంతువుల చరిత్రలోను అట్లే జరిగినది.

రెండవ పరీక్ష ‘బేకర్’ 1946 జులై 25న జరిగినది. ఈ మాఱు బాంబును నీటిలో 90 అడుగుల లోతున వ్రేలాడదీసి ప్రేల్చిరి. ఇరువది లక్షల టన్నుల నీరు స్తంభమువలె పైకి లేచి మరల మడుగుపై కూలినది. కూలిన చోటనుండి దట్టమైన మంచువంటి తెర నలుదిక్కులకు ప్రాకి నౌకలలో పెక్కింటిని కప్పివేసినది. మొదటి పరీక్షలో విషధూళి నిప్పుగోళముతోపాటు ఆకాశమునకు ఎగిరిపోయినది. రెండవదానిలో అది నీటితో కలిసి నౌకల చెక్కలలో, త్రాళ్లలో, రంగులో, తుప్పులో ఇంకిపోయినది. ఈ పరీక్షకు పందులను, ఎలుకలను మాత్రమే ఉంచిరి. వానిని తీసికొని వచ్చుటకు నావికులు కొన్ని దినములవఱకు నౌకల నెక్కలేకపోయిరి. ఆ దినములలో వికిరణము బొట్టుబొట్టుగా పేరుకొని పందు లన్నియు, ఎలుకలలో పెక్కును చచ్చినవి.

జంతువులు ఇంత స్పష్టముగా చెప్పినను, ఆ నౌకలనే కడిగి శుభ్రము చేయుటకు వందలకొలది నావికులను పంపిరి. వారు చీపుళ్లతో, సబ్బునీటితో, క్షారజలముతో పైతట్టులను తోమిరి. సామాన్యపు నౌకను తోమినట్లే తోమిరి, అక్కడనే తినిరి. తోమినకొలది విషము పోలేదు. రక్షణ విభాగమునకు అధిపతియైన వైద్యుడు స్టాఫర్డ్ వారెన్ ఈ పని ఆపుడని హెచ్చరించెను. నౌకాధికారులకు నమ్మకము కుదురలేదు. కంటికి కనబడని శత్రువును వారు ఎఱుగరు. పైగా బాంబులో ప్రేలక మిగిలిన ప్లుటోనియం వెదజల్లు ఆల్ఫా కిరణములను నావికుల చేతులలోని గైగర్ యంత్రములు పసిగట్టజాలవు. యంత్రము ఊరకున్నది గనుక అపాయము లేదని తలంచిరి.

అప్పుడు సాక్ష్యము చెప్పినది ఎవరును ఓడ నెక్కించి తేని జంతువు. మడుగులో స్వేచ్ఛగా తిరుగు చేప నొకదానిని పట్టి ఛాయాచిత్రపు పలకపై ఉంచగా, బయటి కాంతి యేమియు లేకయే ఆ చేప తన బొమ్మను తానే పలకపై గీసికొన్నది. దాని పొలుసులనుండి వెలువడిన ఆల్ఫా కిరణములే ఆ బొమ్మను గీసినవి. ప్లుటోనియం సున్నపు పదార్థమువలె నటించి చేప పొలుసులవఱకు చేరినదని దీనివలన తెలిసినది. 1946 ఆగస్టు 10న వారెన్ ఆ చిత్రమును బ్లాండీ ముందుంచెను. చూచిన వెంటనే అడ్మిరల్ పని ఆపించెను. మూడవ బాంబు పరీక్షయు తరువాత విరమింపబడినది. గుఱినౌకలలో మునుగక మిగిలినవానిని చాలవఱకు పిదప సముద్రములో ముంచివేసిరి. విడగొట్టి అమ్ముటకు పనికివచ్చినవి తొమ్మిదియే.

ఇక్కడ ఒక సంగతి మాకు ముఖ్యముగా తోచినది. కొలిచి కట్టిన మేక ఒక్క క్షణములో తగిలిన దెబ్బను గూర్చి చెప్పగలిగినది. కాని గాలిలో కొట్టుకొనిపోయి, గడ్డిపై రాలి, నీటిలో కలిసి, మేతతో కడుపులోనికి పోవు విషమును గూర్చి అది చెప్పజాలదు. ఆ సంగతి చెప్పినవి ప్రయోగశాలకు చెందని జీవములు. మొట్టమొదటి బాంబు 1945 జులై 16న న్యూమెక్సికో యెడారిలో ప్రేలినప్పుడే దూరమున మేయుచుండిన పశువుల వీపులపై ధూళి రాలి, ఆ చోట్ల వెండ్రుకలు ఊడి, తిరిగి తెల్లగా మొలిచినవి. సైన్యము వానిలో కొన్నింటిని కొని పరిశోధనకు పంపినది. కట్టని పశువు కట్టిన పశువుకంటె ఎక్కువ చెప్పునని ఆనాడే తెలియవలసినది.

1953లో నెవాడా యెడారిలో జరిగిన పరీక్షలు ఇదే పాఠమును మఱింత కఠినముగా బోధించినవి. యూటా రాష్ట్రములోని సీడార్ నగర ప్రాంతపు కాపరులు చలికాలమంతయు తమ మందలను నెవాడాలోని బయళ్లలో మేపి, వసంతకాలమున ఈతకు ఇంటికి తోలుకొనివచ్చుట ఆచారము. ఆ యేడు మార్చినుండి మే వఱకు జరిగిన ప్రేలుళ్ల ధూళి ఆ దారులపై రాలినది. గొఱ్ఱెల ముక్కులపై, మూతులపై, వీపులపై పుండ్లు లేచినవి. పిల్లలు చచ్చి పుట్టినవి. పుట్టినవి కొన్ని లేచి నిలువలేకపోయినవి. 4,000కు పైగా గొఱ్ఱెలును గొఱ్ఱెపిల్లలును నశించినవి. ఒక కాపరికి మంద యనగా ఏమో మన పల్లెలయందు గొల్లల నెఱిగినవారికి మేము చెప్పనక్కఱలేదు. మందయే ధనము, మందయే ఏటి పంట.

పరీక్షించుటకు వచ్చిన పశువైద్యులలో కొందఱు మొదట వికిరణమునే శంకించిరి. అణుశక్తి సంఘము మాత్రము చలియు, మేత కొఱతయు కారణములని ప్రకటించినది. కాపరులు న్యాయస్థానమున కెక్కిరి. 1956లో న్యాయమూర్తి క్రిస్టెన్‌సెన్ వారికి వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. అదే కాలమున వాషింగ్‌టన్ రాష్ట్రములోని హాన్‌ఫర్డ్ కేంద్రమున గొఱ్ఱెలకు రేడియో ధార్మిక అయోడినును మేతతో పెట్టి, కంఠములోని థైరాయిడ్ గ్రంథికి కలుగు హానిని అదే ప్రభుత్వము పరిశీలించుచుండెను. ఒక చేతితో గొఱ్ఱెకు విషము పెట్టి ఫలితము వ్రాసికొనుచు, మఱియొక చేతితో గొఱ్ఱె చావునకు చలిని కారణముగా చూపిన వైనమిది. 1980లో అమెరికను కాంగ్రెసు ఉపసంఘ మొకటి ఆ ప్రాంతపు జనులను, మందలను గూర్చి విచారణ జరిపి ఇచ్చిన నివేదికకు ‘మఱవబడిన గినీ పందులు’ అను నర్థము వచ్చు పేరు పెట్టినది. 1982లో అదే న్యాయమూర్తి, తన న్యాయస్థానమునే ప్రభుత్వ పక్షమువారు మోసగించిరని నిర్ణయించి తన పాత తీర్పును రద్దు చేసెను. ఇరువదియాఱేండ్ల తరువాత తన తీర్పు తప్పని తానే చెప్పుటకు ధైర్యము కావలెను. కాని పై న్యాయస్థానము 1983లో దానిని కొట్టివేసినది. 1986లో సుప్రీము కోర్టు జోక్యము చేసికొన నిరాకరించినది. కాపరులకు చిల్లిగవ్వ దక్కలేదు.

గొఱ్ఱెల వ్యవహారము న్యాయస్థానములో నడచుచుండగనే పందుల పరీక్షలు పెరిగినవి. 1957లో ‘ప్లంబ్‌బాబ్’ అను పరీక్షలలో సుమారు 1,200 పందులను వినియోగించిరి. జూన్ 24న జరిగిన ఒక్క ‘ప్రిసిల్లా’ ప్రేలుడునకే 719 పందులను ఉంచిరి. ఏ గుడ్డ వేడిమిని ఎక్కువగా ఆపునో తెలిసికొనుటకు కొన్ని పందులకు వేర్వేఱు వస్త్రములతో కుట్టిన దుస్తులు తొడిగిరి. సోవియట్ రష్యాయు 1949 ఆగస్టు 29న సెమిపలాటిన్స్‌కులో జరిపిన తన తొలి పరీక్షకు కుక్కలను, గొఱ్ఱెలను, ఇతర జంతువులను నిలిపినది. ఈ విషయమున రెండు పక్షములకును భేదము లేదు.

ఇంతకును ఎలుకపై కొలిచినది మనుష్యునికి అన్వయించునా? ఎలుక తట్టుకొను మోతాదు మేకను చంపును. అందుచేత ప్రతి పట్టికయందును చివరి గడి ఖాళీగా నుండెను. అది మనుష్యుని గడి. 1954 మార్చి 1న ఆ గడి నిండినది. ఆ దినమున బికినీలో ప్రేల్చిన ‘బ్రావో’ యను హైడ్రోజన్ బాంబు 15 మెగాటన్నుల శక్తితో, లెక్కకు రెండింతలకు మించి ప్రేలినది. సుమారు 100 మైళ్ల దూరమున నున్న రోంగెలాప్ దీవిపై తెల్లటి బూడిద రాలినది. పిల్లలు దానితో ఆడుకొనిరి. రెండు దినములు గడచిన పిదప గాని వారిని అక్కడనుండి తీసికొనిపోలేదు. వాంతులు, చర్మముపై కాలిన పుండ్లు, జుట్టు రాలుట. తెల్ల కణముల లెక్క తగ్గుట. మేకలలో చూచిన వరుసయే. వారిని పరిశీలించు కార్యక్రమమునకు ‘4.1’ అను సంఖ్య నిచ్చిరి. ఆ బూడిదయే జపాను చేపల పడవ ‘ఐదవ ఫుకుర్యూ మారు’పై పడి, 23 మంది జాలరులు జబ్బుపడిరి, వారిలో రేడియో నిర్వాహకుడు సెప్టెంబరులో మరణించెను. ఏప్రిల్ 2న నెహ్రూ మన లోకసభలో ఇట్టి పరీక్షలను నిలిపివేయవలెనని కోరెను. 1956లో భారత ప్రభుత్వము అణు ప్రేలుళ్ల ఫలితములను గూర్చి శాస్త్రజ్ఞులచే ఒక గ్రంథమును వ్రాయించి ప్రకటించినది. గాలిలోను, నీటిలోను, అంతరిక్షములోను పరీక్షలను నిషేధించిన ఒడంబడిక 1963 ఆగస్టులో గాని కుదురలేదు.

1956 జనవరిలో అమెరికా అణుశక్తి సంఘపు సలహా సమావేశ మొకటి జరిగినది. బ్రావో ధూళి సోకిన మఱియొక దీవి ఉటిరిక్. అక్కడి ప్రజలను మరల వారి దీవిలో నుంచి, వారి దేహములలోనికి ఎంత విషము చేరునో కొలుచుట మంచి యవకాశమని మెర్రిల్ ఐసెన్‌బడ్ అను అధికారి చెప్పెను. వారు నాగరికులవలె జీవింపరనుట నిజమే యైనను, చుంచులకంటె వారు మనకు దగ్గఱివారని ఆయన వాదము. సమావేశపు వ్రాతలో అది నేటికిని చదువవచ్చును. మేము దానిని రెండు మాఱులు చదివితిమి, మొదటి మాఱు కన్నులు పొరపడెనేమో యని.

బికినీ వాసులు రోంగెరిక్‌లో ఆకలికి మాడి, 1948లో క్వాజలీన్‌కును, పిదప మడుగే లేని కిలీ దీవికిని చేరిరి. మడుగు లేని దీవిలో చేపలు పట్టువారు ఏమి చేయుదురు? 1968లో అధ్యక్షుడు జాన్సన్ బికినీ సురక్షితమని ప్రకటించెను. 1970 తరువాత కొన్ని కుటుంబములు తిరిగి పోయి, క్రొత్తగా నాటిన కొబ్బరిచెట్ల కాయలు తిని, బావినీరు త్రాగి బ్రదికినవి. వైద్యులు ఏటేట వచ్చి వారి దేహములలోని సీసియమును యంత్రముతో కొలిచి వ్రాసికొనిపోయిరి. ఏటేట ఆ సంఖ్య పెరుగుచు వచ్చినది. 1978లో ఓడ వచ్చి వారిని మరల ఎక్కించుకొని పోయినది.